ఎలుకకు పట్టిన మందు మనిషి గుండె గురించి ఏం చెబుతుంది?

వాట్సాప్‌లో రెండు రకాల మెసేజీలు తిరుగుతుంటాయి. రోజూ కొద్దిగా మద్యం తాగితే గుండెకు మంచిదట, ఎలుకల మీద పరీక్షల్లో తేలిందట అని ఒకటి. ఒక్క చుక్క తాగినా గుండె కండరం దెబ్బతింటుందట, అదీ ఎలుకల మీదే తేలిందట అని ఇంకొకటి. 2024 అక్టోబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో కొత్త మద్యం విధానం వచ్చి 99 రూపాయలకే క్వార్టర్ దొరకడం మొదలయ్యాక నాకు ఇలాంటివి మరీ ఎక్కువ వస్తున్నాయి. తాగేవాళ్లు మొదటిది పంపితే, ఇంట్లో వాళ్ల గురించి టెన్షన్ పడేవాళ్లు రెండోది పంపుతారు. విచిత్రమేమిటంటే రెండింటి వెనకా నిజమైన ప్రయోగాలు ఉండే అవకాశం ఉంది. గొడవంతా ఏ జంతువుకు, ఎంత, ఎలా ఇచ్చి, గుండెలో ఏం కొలిచారన్న దగ్గరే ఉంది. ఆ నాలుగూ వదిలేసి 'ఎలుకల్లో తేలింది' అన్న ముక్క ఒక్కటే మన దాకా వస్తుంది.

గుండె జబ్బు అంటే ఒకటి కాదు

మన దగ్గర గుండె జబ్బు అనగానే బ్లాకులు, స్టెంట్లు గుర్తొస్తాయి. గుండెకు రక్తం తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకుని పూడుకుపోవడం అన్నమాట. కానీ మందు సంగతి మాట్లాడేటప్పుడు ఇంకో రెండింటిని విడిగా చూడాలి.

ఒకటి కండరం. కర్నూలు పెద్దాసుపత్రిలో టూడీ ఎకో అనే గుండె స్కాన్ తీయించుకుని వచ్చినవాళ్లు 'పంపింగ్ ముప్పై శాతమే ఉందన్నారు' అంటుంటారు. ఆ పంపింగ్‌నే డాక్టర్లు ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కసారి కొట్టుకున్నప్పుడు ఎంత శాతం బయటికి వెళ్తుందో ఆ లెక్క. ఆరోగ్యంగా ఉన్న గుండెలో ఇది సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటుంది. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లలో కొందరికి ఆ గది సాగి, పిండే బలం తగ్గి, కాళ్లకు నీరు దిగి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. దీన్ని ఆల్కహాలిక్ కార్డియోమయోపతీ అంటారు. ఇందులో బ్లాకులు ఉండాల్సిన పనిలేదు.

ఇంకొకటి లయ. పై గదులు క్రమం తప్పి అడ్డదిడ్డంగా వణకడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. వారాంతాల్లో, పండగల్లో ఒక్కసారిగా ఎక్కువ తాగి గుండె దడతో ఆసుపత్రికి వచ్చేవాళ్లను గమనించి 1978లో అమెరికాలో ఫిలిప్ ఎటింగర్ బృందం దీనికి 'హాలిడే హార్ట్' అని పేరు పెట్టింది.

నాళం, కండరం, లయ. మందు ఈ మూడింటినీ ఒకే రకంగా తాకదు. ఈ మూడింటినీ చూడటానికి ఒకే జంతువూ పనికిరాదు.

ముందు గ్రాముల లెక్క

పరిశోధకులు పెగ్గుల్లో మాట్లాడరు, గ్రాముల్లో మాట్లాడతారు. లెక్క తేలికే. విస్కీ, బ్రాందీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో అసలు ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ నీటి కంటే తేలిక కాబట్టి 0.79తో గుణిస్తే సుమారు 61 గ్రాములు వస్తుంది. కర్ణాటక సరిహద్దు దాటి మన పల్లెలకు వచ్చే 90 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకెట్‌లో 30 గ్రాములు. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో 10. ఎనిమిది శాతం ఉండే స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో 41 గ్రాములు, అంటే బీరే కదా అని తాగే ఒక్క సీసా నాలుగు చిన్న పెగ్గులతో సమానం.

గుండె కండరం దెబ్బతిన్న తాగుబోతుల గురించిన వైద్య గ్రంథాల్లో తరచూ కనిపించే అంకె రోజుకు 80 నుంచి 90 గ్రాములు, కనీసం ఐదేళ్లు. మన లెక్కలో ఒక క్వార్టర్, దాని మీద ఒక టెట్రా ప్యాకెట్. ఇది జబ్బు పడినవాళ్లను అడిగి తెలుసుకున్న అంకె. దీనికి తక్కువ తాగితే ఏమీ కాదని దీని అర్థం కాదు.

మనుషులనే చూడొచ్చు కదా, ఎలుక ఎందుకు?

ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో మూటలు మోసే ఒకాయనను ఊహించుకుందాం. వయసు 48. పదిహేనేళ్లుగా రోజూ క్వార్టర్, కూలి ఎక్కువొచ్చిన రోజు ఇంకాస్త. రోజుకో కట్ట బీడీలు. మందు పడిన రాత్రి సంగటి సగం ముద్ద తిని పడుకుంటాడు. బీపీ ఉందన్నారు గానీ మాత్రలు సరిగా వేసుకోడు. వయసులో ఉన్నప్పుడు నాటుసారా కూడా తాగాడు, అందులో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆయన పంపింగ్ 30కి పడిపోయింది. కారణం మందేనా? తిండి లేకపోవడమా? బీపీనా? సారాలో కల్తీనా? పుట్టుకతో వచ్చిన జన్యువా? ఆయన ఒక్కడిలోనే ఇవన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఇలాంటి వెయ్యి మందిని చూసినా చాలామందిలో అవి కలిసే ఉంటాయి.

ఇది ఊరికే వచ్చిన అనుమానం కాదు, దీని చుట్టూ దశాబ్దాల పాటు వాదనలు నడిచాయి. 1890లలో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ వైద్యుడు బాగా పాలిష్ పట్టిన బియ్యం మాత్రమే తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలడం, తవుడు పెడితే కోలుకోవడం చూశాడు. బెరిబెరికి, బి1 విటమిన్ లోపానికి దారి చూపించింది ఆ కోళ్లే. ఆయనకు 1929లో నోబెల్ వచ్చింది. బెరిబెరిలో గుండె కూడా ఉబ్బి దెబ్బతింటుంది, తాగేవాళ్లలో బి1 లోపం ఎక్కువ, కాబట్టి వాళ్ల గుండె పోయేది తిండి లేకనే గానీ మందు వల్ల కాదని చాలాకాలం చాలామంది వైద్యులు నమ్మారు. కాలేయం విషయంలోనూ ఇదే మాట. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకడైన చార్లెస్ బెస్ట్ బృందం 1949లో ఎలుకల మీద ప్రయోగం చేసి, కాలేయానికి మందు చేసే చెడు పంచదార చేసే చెడు లాంటిదేనని, అసలు లోపం తిండిదని చెప్పింది.

ఆ ప్రయోగంలో ఒక ఇబ్బంది ఉంది. ఎలుకకు ఆల్కహాల్ రుచి నచ్చదు. నీళ్లలో కలిపి పెడితే తక్కువ తాగుతుంది, రక్తంలో ఆల్కహాల్ పెద్దగా పెరగదు. 1960లలో చార్లెస్ లీబర్, లియోనోర్ డికార్లీ దీనికి ఒక మార్గం కనిపెట్టారు: నీళ్లు, తిండి వేరుగా లేకుండా మొత్తం ఒకే ద్రవాహారం, అందులోనే ఆల్కహాల్. ఆకలేస్తే అదే తాగాలి.

ఇందులో గొప్ప సంగతి జంట ఎలుక. మన శెనక్కాయ రైతుకు ఇది కొత్త కాదు, ఎరువు పనిచేస్తుందో లేదో చూడాలంటే అదే విత్తనం, అదే వాన, అదే నేలలో ఒక మడికి వేసి పక్క మడికి వేయకుండా చూస్తాడు. ఇక్కడా అంతే. మొదటి ఎలుక నిన్న ఎన్ని కేలరీలు తిన్నదో జంట ఎలుకకు ఈరోజు అన్నే కేలరీలు. ఒక ఎలుక రోజుకు 80 కేలరీలు తింటుందనుకుందాం. ఆల్కహాల్ వాటా 36 శాతం, అంటే 29 కేలరీలు. గ్రాము ఆల్కహాల్‌కు 7 కేలరీలు కాబట్టి సుమారు 4 గ్రాములు. జంట ఎలుకకు ఆ 29 కేలరీలను పిండిపదార్థంగా ఇస్తారు, గ్రాముకు 4 కేలరీల లెక్కన సుమారు 7 గ్రాములు. విటమిన్లు, ప్రొటీన్లు, పంజరం, వెలుతురు అన్నీ సమానం. ఇక తేడా ఏమైనా కనిపిస్తే దానికి తిండి లోపాన్ని నిందించలేం.

1970లలో అమెరికాలో తిమోతీ రీగన్ బృందం కుక్కలకు మంచి తిండి పెడుతూనే నెలల తరబడి ఆల్కహాల్ ఇచ్చి చూసింది. తిండి లోపం లేకపోయినా గుండె కండరం బిగుసుకుపోయింది. నా దృష్టిలో ఈ రంగంలో జంతువులు మనకు ఇచ్చిన అతి పెద్ద జవాబు ఇదే: తిండి బాగున్నా మందు తనంతట తానే గుండె కండరాన్ని దెబ్బతీయగలదు. 'బాగా తిని తాగితే ఏం కాదు' అని మా వైపు ప్రతి పెళ్లిలో వినిపించే మాటకు ఇదే సమాధానం.

అలాగని తిండికి సంబంధమే లేదనుకుంటే అదీ పొరపాటే. 1965, 66లలో కెనడాలోని క్వెబెక్ నగరంలో బాగా బీరు తాగేవాళ్లు ఉన్నట్టుండి గుండె విఫలమై ఆసుపత్రుల్లో చేరారు, చాలామంది చనిపోయారు. నురగ నిలవడానికి బీరులో కోబాల్ట్ ఉప్పు కలిపారని తేలింది. తర్వాత ఎలుకలకు కోబాల్ట్ ఇచ్చి చూస్తే వాటి గుండె కండరమూ దెబ్బతింది. కానీ అప్పట్లో రక్తహీనతకు అంతకంటే ఎక్కువ కోబాల్ట్‌నే ఔషధంగా ఇచ్చేవాళ్లు, ఆ రోగులకు ఇలా కాలేదు. కోబాల్ట్, మందు, పోషణ లోపం మూడూ ఒకచోట చేరితేనే అంత ప్రమాదమైందని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు. మన ఆదోని మనిషిలో సారా కల్తీని పక్కన పెట్టకూడదని నేననేది ఇందుకే.

ఎలా ఇచ్చారన్నది ఎందుకంత ముఖ్యం

ద్రవాహారం ఒక్కటే పద్ధతి కాదు. గొట్టంతో నేరుగా కడుపులోకి పోస్తారు, ఇది ఒక్కసారిగా ఎక్కువ తాగడాన్ని పోలి ఉంటుంది. కానీ గొట్టం పెట్టడం వల్ల కలిగే ఒత్తిడే గుండె మీద పనిచేస్తుంది. ఆవిరి గదిలో ఉంచి పీల్పిస్తారు, రక్తంలో మోతాదు చక్కగా అదుపులో ఉంటుంది గానీ ఏ మనిషీ అలా తాగడు. సీ57 బ్లాక్ 6 అనే చిట్టెలుక జాతి ఆల్కహాల్‌ను ఇష్టంగా తాగుతుంది, చీకటి పడ్డాక కొద్ది గంటలే సీసా పెడితే మత్తెక్కేంత తాగేస్తుంది. డీబీఏ 2 అనే ఇంకో జాతి మూతి కూడా పెట్టదు. కాబట్టి 'చిట్టెలుకల్లో' అన్న వార్త చదివినప్పుడు ఏ జాతి, ఏ పద్ధతి అన్నది ఉందేమో చూడండి, లేకపోతే ఆ వార్తలో సగం సమాచారం లేనట్టే.

ఎలుక మోతాదును మనిషి మోతాదుగా మార్చడం

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పైన చెప్పిన ఎలుక బరువు 300 గ్రాములు అనుకుందాం. రోజుకు 4.1 గ్రాముల ఆల్కహాల్ అంటే కిలోకు సుమారు 13.7 గ్రాములు. 60 కిలోల మనిషికి నేరుగా గుణిస్తే 820 గ్రాములు, పదమూడు క్వార్టర్ల పైనే. 'ఇంత ఎవడు తాగుతాడు, ఈ ప్రయోగం పనికిరాదు' అని కొట్టిపారేస్తారు.

కానీ చిన్న జంతువుల ఒళ్లు అన్నిటినీ వేగంగా ఖర్చు చేస్తుంది. మనిషి గంటకు కిలోకు సుమారు 100 మిల్లీగ్రాముల ఆల్కహాల్‌ను విరగ్గొడితే, ఎలుక దాదాపు మూడు రెట్లు, చిట్టెలుక ఐదు రెట్లు వేగంగా విరగ్గొడుతుంది. అందుకే ఔషధాల పరిశోధనలో శరీర ఉపరితలాన్ని బట్టి లెక్కేసే సూత్రం ఒకటి వాడతారు: ఎలుక మోతాదును 6.2తో, చిట్టెలుక మోతాదును 12.3తో భాగించాలి. 820ని 6.2తో భాగిస్తే 132 గ్రాములు. రెండు క్వార్టర్లకు కాస్త పైన. అలా తాగే మనిషి మనకు తెలియని మనిషేం కాదు.

ఈ సూత్రం కూడా అంచనాయే. అందుకే జాగ్రత్తగా పనిచేసే పరిశోధకులు ఎంత పోశామన్నది కాకుండా రక్తంలో ఎంత చేరిందో కొలిచి రాస్తారు. మన దేశంలో బండి నడిపేవాడి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ద్రవాహారం తాగిన ఎలుకల్లో ఇది తరచూ వంద దాటుతుంది. అంటే ఈ ప్రయోగాలు చెప్పేది రోజూ బాగా తాగే మనిషి గురించి. రోజుకో చిన్న పెగ్గు తాగేవాడికి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు వీటిలో జవాబు లేదు, అటు వైపూ లేదు, ఇటు వైపూ లేదు.

గుండె లోపల ఏం జరుగుతుందో ఎలా తెలిసింది

బతికున్న మనిషి గుండె ముక్కను నెలనెలా కోసి చూడలేం. ఎలుకల్లో చూడగలిగారు. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ఉబ్బి చెదురుతాయి, కండరం ముడుచుకోవడానికి కావాల్సిన కాల్షియం రాకపోకలు మందగిస్తాయి, కొత్త కండర ప్రొటీన్ తయారీ తగ్గుతుంది, మధ్యలో నారపదార్థం పేరుకుంటుంది.

మరి ఇదంతా చేసేది ఆల్కహాలా, లేక ఆల్కహాల్ విరిగితే వచ్చే ఎసిటాల్డిహైడ్ అనే విషమా? మనుషుల్లో ఈ రెండింటినీ విడదీయడం చాలా కష్టం. గుండెలో మాత్రమే ఎసిటాల్డిహైడ్ ఎక్కువ తయారయ్యేలా జన్యువు మార్చిన చిట్టెలుకలకు ఆల్కహాల్ ఇస్తే నష్టం పెరిగింది. ఆ విషాన్ని వేగంగా వదిలించే ఎంజైము ఎక్కువున్న చిట్టెలుకల్లో నష్టం తగ్గింది. నిందలో పెద్ద వాటా ఎసిటాల్డిహైడ్‌కు ఉందని అలా తెలిసింది. ఇలాంటి ప్రశ్నకు జంతువు లేకుండా అప్పట్లో జవాబు దొరికేది కాదు.

చిట్టెలుక గుండె ఎక్కడ దారి తప్పిస్తుంది

చిట్టెలుక గుండె నిమిషానికి 500 నుంచి 700 సార్లు కొట్టుకుంటుంది. మనది 72. దాని కండరంలో ఉండే ప్రధాన ప్రొటీన్ రకమే వేరు. రెండు మూడు నెలల ప్రయోగంలో దానికి చిన్న మార్పులు వస్తాయి గానీ, ఇరవై ఏళ్లు తాగిన మనిషికి వచ్చినట్టు గుండె పూర్తిగా సాగి కూలిపోవడం తరచూ కనిపించదు. పై గదులు మరీ చిన్నవి కాబట్టి లయ తప్పడం దానంతటది రాదు.

బ్లాకుల సంగతి ఇంకా తేడా. మామూలు చిట్టెలుకకు రక్తనాళాల్లో కొవ్వు దాదాపు పేరుకోదు, దాని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం మంచి కొలెస్ట్రాల్ అనే రకం. బ్లాకులు రావాలంటే 1992 నుంచి వాడుకలో ఉన్న, జన్యువు తీసేసిన జాతులు కావాలి, లేదా పంది లాంటి పెద్ద జంతువు దగ్గరికి పోవాలి. కాబట్టి 'కొద్దిగా తాగితే బ్లాకులు రావు' అనే వార్తకు చిట్టెలుకను సాక్ష్యం తెస్తే, అది ఏ చిట్టెలుక అని అడగాల్సిందే.

రెడ్ వైన్ కథ దీనికి మంచి ఉదాహరణ. వైన్‌లో ఉండే రెస్వెరట్రాల్ అనే పదార్థం, కొవ్వు ఎక్కువ తిన్న చిట్టెలుకల ఆరోగ్యాన్ని, ఆయుష్షును మెరుగుపరిచిందని 2006లో పెద్ద వార్త వచ్చింది. మోతాదు రోజుకు కిలోకు 22 మిల్లీగ్రాములు. 12.3తో భాగించి 60 కిలోల మనిషికి లెక్కేస్తే సుమారు 107 మిల్లీగ్రాములు. లీటరు రెడ్ వైన్‌లో ఆ పదార్థం కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది, ఐదు అని ఉదారంగా వేసుకున్నా రోజుకు ఇరవై లీటర్లకు పైన తాగాలి. ఆ ప్రయోగం తప్పు కాదు. వైన్ తాగమని దాన్నుంచి లాగిన అర్థం తప్పు.

ఇంకో తేడా జన్యువులది. ఒక జాతి చిట్టెలుకలన్నీ కవలల్లా ఉంటాయి, మనం అలా ఉండం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2009 పరిశోధన ప్రకారం దక్షిణాసియా జనంలో సుమారు 4 శాతం మందికి గుండె కండర ప్రొటీన్ జన్యువులో ఒక చిన్న ముక్క లేదు, వాళ్లకు గుండె బలహీనపడే ముప్పు ఎక్కువ. ఆల్కహాలిక్ కార్డియోమయోపతీ ఉన్నవాళ్లను పరిశీలించిన 2018 అధ్యయనంలో దాదాపు పదిమందిలో ఒకరికి టైటిన్ అనే ప్రొటీన్ జన్యువు లోపం కనిపించింది. 'మా తాత రోజూ తాగి ఎనభై ఏళ్లు బతికాడు' అనే మాట, 'మా నాన్న నలభైకే పోయాడు' అనే మాట ఒకే వీధిలో వినిపించడానికి ఇదీ ఒక కారణం.

జంతువుల మీద ఇంకా ఎందుకు?

ఇక్కడ నిజాయితీగా రెండు వైపులా వినాలి. కొత్త చికిత్స వెతకాలంటే మొత్తం శరీరం కావాలని, కాలేయం, నరాలు, బీపీ కలిసి గుండెను ఎలా లాగుతాయో గిన్నెలో పెంచిన కణం చెప్పదని పరిశోధకులంటారు. మందు చెడ్డదని తెలిసినదాన్నే మళ్లీ రుజువు చేయడానికి, తనకు తానుగా తాగని ప్రాణికి గొట్టంతో పోయడం అన్యాయమని జంతు సంక్షేమం కోరేవాళ్లంటారు. చాలా ప్రయోగాల్లో జంతువుల సంఖ్య తక్కువ, మగవే ఎక్కువ, ఎవరికి ఏది ఇచ్చారో తెలిసే కొలుస్తారు, అలాంటి ఫలితం నిలవదని పరిశోధన పద్ధతులను పరీక్షించేవాళ్లంటారు. ఆడమగ తేడా చిన్న విషయం కాదు, జీవితకాలంలో తక్కువ మందుకే ఆడవాళ్ల గుండె దెబ్బతింటుందని బార్సిలోనా వైద్యులు 1990లలో చూపించారు.

మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఒక కమిటీ ఉంది, అనంతపురంలో ఫార్మసీ కాలేజీ అయినా హైదరాబాద్‌లో పెద్ద సంస్థ అయినా ఎలుకను ముట్టుకోవాలంటే అక్కడ నమోదై, సొంత నైతిక కమిటీ అనుమతి తీసుకోవాలి. 1959లో రసెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలే ఇప్పటికీ ఆధారం: వేరే దారి ఉంటే జంతువును వాడొద్దు, వాడితే తక్కువ వాడాలి, బాధ తగ్గించాలి. మనిషి మూలకణాల నుంచి పెంచిన గుండె కణాల మీద ఆల్కహాల్ పరీక్షలు ఇప్పటికే జరుగుతున్నాయి, కొత్త ఔషధాల పరీక్షల్లో ఇలాంటి పద్ధతులకు 2023లో మన నిబంధనలూ చోటిచ్చాయి. నా అభిప్రాయం అడిగితే, మందు గుండెకు చెడు చేస్తుందా అని తేల్చడానికి ఇంకో ఎలుక చావాల్సిన అవసరం లేదు. దెబ్బతిన్న గుండెను వెనక్కి తేవడమెలా అన్న ప్రశ్నకు మాత్రం ఇంకొంతకాలం అవసరం ఉంది.

మనుషుల మీదే నేరుగా చూస్తే?

రోజుకో డ్రింకు తాగేవాళ్లను, అసలు తాగనివాళ్లను చీటీ తీసి విడగొట్టి ఏళ్ల తరబడి చూద్దామని అమెరికాలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. డబ్బులో పెద్ద భాగం మద్యం కంపెనీలదని, వాళ్లతో ముందే మాట్లాడారని బయటపడటంతో 2018లో ఆపేశారు. తాగేవాళ్లను, తాగనివాళ్లను ఊరికే పోల్చే సర్వేలతోనూ చిక్కే, జబ్బు వచ్చి మానేసినవాళ్లు కూడా 'తాగనివాళ్ల' జాబితాలో చేరిపోయి తాగేవాళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. పుట్టుకతోనే తక్కువ తాగేలా చేసే జన్యువు ఉన్నవాళ్లను పోల్చిన అధ్యయనాల్లో, 2019లో చైనాలో జరిగిన పెద్ద పరిశీలనతో సహా, ఆ 'కొద్దిగా మంచిది' చాలావరకు కరిగిపోయింది.

తాగించి చూడటం కష్టం, మాన్పించి చూడటం కుదురుతుంది. ఆస్ట్రేలియాలో లయ తప్పే జబ్బు ఉండి క్రమం తప్పకుండా తాగే 140 మందిని రెండు గుంపులుగా చేశారు, ఒక గుంపు మానాలి, ఇంకో గుంపు మామూలుగా తాగొచ్చు. ఆరు నెలల్లో తాగినవాళ్లలో 73 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, మానినవాళ్లలో 53 శాతం మందికి. 2020లో అచ్చయిన ఈ ఫలితం ఎలుకది కాదు, మనిషి గుండెది. అయినా 140 మందే ఎందుకంటే, అడిగినవాళ్లలో చాలామంది మానడానికి ఒప్పుకోలేదు.